మారిషస్ చిన్న చెరకు రైతులు – తుఫాను, కరవు, బీమా: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

హిందూ మహాసముద్రంలోని మారిషస్ ద్వీపంలో చెరకు పండించిన చిన్న రైతులలో అధికులు భారతదేశం నుంచి వెళ్లిన ఒప్పంద కూలీల సంతతివారు. తుఫాను, కరవు అనే రెండు విపత్తుల నుంచి వీరిని ఆదుకోవడానికి 20వ శతాబ్దంలో రూపొందిన సహకార పరపతి సంఘాలు, చెరకు ధరల నియంత్రణ, 1946 నాటి బీమా నిధి మొదలైన ఏర్పాట్లను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ ఏర్పాట్లు రైతు కన్నా పంటను, పంట కన్నా చక్కెరను ప్రధానంగా కాపాడాయనీ, 1937 నాటి ఊబా చెరకు వివాదంలోనే ఈ ధోరణి బయటపడిందనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మారిషస్, చెరకు, చిన్న రైతులు, ఊబా, పంటల బీమా, తుఫానులు, వాతావరణ మార్పు.

1. ప్రవేశిక

మారిషస్ గురించి తెలుగులో వెలువడిన రచనలలో ఎక్కువ భాగం అక్కడి తెలుగువారి భాషను, ఉగాది వేడుకలను, సింహాద్రి అప్పన్న కొలుపును, అమ్మోరు పండుగను, రామభజన సంప్రదాయాన్ని గురించినవే. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ ద్వీపంలో జరిగిన తరువాత ఈ ఆసక్తి మరింత పెరిగింది. అది సహజమే. అయితే ఆ భజన గుంపులో కూర్చున్న మనిషి తెల్లవారితే ఎక్కడికి వెళ్లేవాడు, అతని పొలం ఎంత, గాలివాన వచ్చిన ఏడాది అతని ఇల్లు ఎలా గడిచేది అన్న ప్రశ్నలు ఈ రచనలలో అరుదుగా కనిపిస్తాయి. తెలుగు, తమిళ, భోజ్‌పురి, మరాఠీ భాషలవారికి ఉమ్మడిగా ఉన్న జీవితం చెరకు తోటలోని జీవితం. అందువల్ల ఈ వ్యాసంలో తెలుగువారిని విడదీసి కాక, ఆ ఉమ్మడి రైతాంగంలో భాగంగానే చూడటం జరిగింది.

చిన్న ద్వీపాల రైతులు వాతావరణ మార్పును ఎలా తట్టుకోవాలన్న చర్చ నేడు అంతర్జాతీయ వేదికలపై ప్రముఖంగా సాగుతున్నది. ఆ చర్చలో పంటల బీమాను కొత్త పరిష్కారంగా ప్రస్తావించడం పరిపాటి. మారిషస్‌లో అది కొత్తది కాదు. అక్కడ తుఫానుకూ కరవుకూ చట్టబద్ధమైన బీమా ఏర్పడి ఏడున్నర దశాబ్దాలు దాటింది. ఇంత సుదీర్ఘమైన అనుభవం ఉన్న ద్వీపాలు ప్రపంచంలో బహు తక్కువ. ఆ అనుభవం ఎవరికి ఎంత మేలు చేసిందన్నదే పరిశీలించవలసిన విషయం.

2. గాలికి వంగే పంట

మారిషస్ ప్రధాన ద్వీపం విస్తీర్ణం సుమారు 1,865 చదరపు కిలోమీటర్లు. అగ్నిపర్వత శిలలతో ఏర్పడిన నేల. ఆగ్నేయ దిశ నుంచి వీచే గాలుల వల్ల నడిమి పీఠభూమిలో ఏడాదికి 4,000 మిల్లీమీటర్ల వరకు వాన పడుతుంది. అక్కడికి కొద్ది మైళ్ల దూరంలోనే ఉన్న పడమటి తీరానికి 900 మిల్లీమీటర్లు కూడా దక్కదు. ఒకే ద్వీపంలో ఒక రైతు అతివృష్టితో, మరొక రైతు అనావృష్టితో నష్టపోయే పరిస్థితి ఇక్కడ ఉన్నది. నవంబరు నుంచి ఏప్రిల్ వరకు తుఫానుల కాలం. చెరకు ఎదిగే కాలం కూడా అదే.

వానకూ అడవికీ ఉన్న సంబంధాన్ని వలస పాలకులు ఈ ద్వీపంలో చాలా ముందుగానే గుర్తించారు. ఫ్రెంచి పాలనలో పియర్ పువావ్ర్ 1769లో తెచ్చిన నిబంధనల ప్రకారం ప్రతి భూస్వామీ తన భూమిలో నాలుగో వంతు అడవిగా ఉంచాలి. కొండవాలులలోనూ నీటి జన్మస్థానాల వద్దనూ చెట్లు కొట్టరాదు. అడవి పోతే వాన తగ్గుతుందన్న భయం దీనికి ప్రేరణ. చెరకు విస్తరించిన కొద్దీ ఈ నిబంధనలు వెనుకబడ్డాయి. 19వ శతాబ్దం చివరికి మూల అడవిలో అతి కొద్ది భాగమే మిగిలింది.

ఈ ద్వీపం చెరకును ఎంచుకోవడం వెనుక మార్కెట్టు ఎంత ఉందో గాలి కూడా అంత ఉంది. కాఫీ, లవంగం వంటి తోట పంటలు ఒక్క పెనుతుఫానుకు కూలిపోతే మళ్లీ కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. చెరకు అలా కాదు. గాలికి వంగుతుంది, ఆకు చీలుతుంది, గడ విరుగుతుంది. కాని మొదలు నేలలో బతికే ఉంటుంది. మరుసటి ఏడాదికి కార్శి తోటగా లేస్తుంది. 1810లో బ్రిటిషు వారు ద్వీపాన్ని ఆక్రమించారు. 1825లో బ్రిటన్‌లో మారిషస్ చక్కెరపై దిగుమతి సుంకం వెస్టిండీస్ చక్కెరతో సమానమైంది. ఆ తరువాత చెరకు తప్ప మరో పంట గురించి పెట్టుబడిదారులు ఆలోచించలేదు. తుఫానును తట్టుకునే పంట కావడమే చెరకు ఏకపంటగా స్థిరపడటానికి ఒక కారణం కాగా, ఆ ఏకపంట వ్యవస్థ తరువాతి తరాల రైతులకు వేరొక రకమైన ముప్పు అయింది.

1834 నవంబరు 2న ‘అట్లాస్’ నౌకలో వచ్చిన కూలీలతో ఒప్పంద కూలీల వలస ఆరంభమైనట్లు మారిషస్ దేశం పాటిస్తుంది. 20వ శతాబ్దం తొలి దశకాల వరకు సుమారు నాలుగున్నర లక్షల మంది భారతీయులు ఈ విధంగా వచ్చారు. తెలుగువారిలో తొలి బృందాలు గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు నుంచి ఓడ ఎక్కాయి. అందుకే అక్కడి పత్రాలలో తెలుగువారికి ‘కోరింగీలు’ అన్న పేరు స్థిరపడింది. ఆ కోరంగి రేవే 1839 నవంబరులో ఉప్పెన దెబ్బకు నాశనమైంది. హెన్రీ పిడింగ్టన్ అన్న కలకత్తా అధికారి కోరంగి ఉప్పెనలను అధ్యయనం చేశాడు. 1845లో మారిషస్ నుంచి బయలుదేరి గాలివానలో చిక్కి రోజుల తరబడి సుడి తిరిగిన ‘చార్లెస్ హెడిల్’ అనే ఓడ ప్రయాణ పత్రాన్ని కూడా పరిశీలించి, 1848లో ‘సైక్లోన్’ అన్న మాటను ప్రచారంలోకి తెచ్చాడు. ఉప్పెన ఊరి నుంచి వెళ్లినవారు తుఫానుల ద్వీపానికే చేరారన్నది యాదృచ్ఛికమే కావచ్చు. కాని గాలివాన వారికి కొత్త కాదు. కొత్తగా ఎదురైనది దాని నష్టాన్ని పంచే పద్ధతి.

3. ముక్కలైన భూమి

19వ శతాబ్దం చివరి దశకాలలో ఐరోపాలో బీట్ దుంప చక్కెర పెరిగి చెరకు చక్కెర ధర పడిపోయింది. అప్పుల పాలైన ఎస్టేటు యజమానులు తమ భూములలో నాసిరకం అంచులను చిన్న ముక్కలుగా చేసి అమ్మకానికి పెట్టారు. ఫ్రెంచిలో దీనిని ‘మోర్సెల్‌మాఁ’ అంటారు. ముక్కలు చేయడమని అర్థం. ఒప్పందం ముగిసిన కూలీలు, సర్దారులు, చిల్లర వ్యాపారులు ఈ ముక్కలను వాయిదాల పద్ధతిలో కొన్నారు. 1920ల నాటికి చెరకు సాగు భూమిలో మూడో వంతుకు పైగా భారతీయ సంతతి వారి చేతిలోకి వచ్చింది. మిల్లులు మాత్రం ఎస్టేటుల చేతిలోనే ఉండిపోయాయి. 19వ శతాబ్దం మధ్యలో రెండు వందలకు పైగా ఉన్న మిల్లులు క్రమంగా తగ్గుతూ, ఒక్కొక్క మిల్లు ఒక్కొక్క ప్రాంతానికి ఏకైక కొనుగోలుదారు అయింది. కోసిన చెరకు రోజులు గడిచేకొద్దీ చక్కెర కోల్పోతుంది కాబట్టి రైతుకు మరో మిల్లు వెతికే వ్యవధి ఉండదు.

ఈ దశలోనే 1892 ఏప్రిల్ 29 తుఫాను వచ్చింది. గాలివానల కాలం దాటిందని అందరూ నమ్మిన సమయమది. ప్రపంచ ప్రసిద్ధి పొందిన రాయల్ ఆల్‌ఫ్రెడ్ అబ్జర్వేటరీ ద్వీపంలోనే ఉంది. హిందూ మహాసముద్ర తుఫానుల గమనాన్ని ఏళ్ల తరబడి నమోదు చేసిన చార్లెస్ మెల్డ్రమ్ దానికి అధిపతి. అయినా ఆ మధ్యాహ్నం వచ్చే ప్రమాదం ముందుగా తెలియలేదు. సుమారు 1,200 మంది మరణించారు. పోర్ట్ లూయీ నగరంలో పెద్ద భాగం నేలమట్టమైంది. ప్రభుత్వం తోటల పునరుద్ధరణకు రుణాలు ఇచ్చింది. రుణానికి హామీ కావాలి. హామీకి స్పష్టమైన హక్కు ఉన్న భూమి కావాలి. వాయిదాలు ఇంకా తీరని రెండెకరాల ముక్కకు ఆ రుణం అందుబాటులోనిది కాదు. అతనికి మిగిలింది సర్దారు అప్పు, దుకాణం అప్పు.

1909లో సర్ ఫ్రాంక్ స్వెటెన్‌హామ్ అధ్యక్షతన వచ్చిన రాయల్ కమిషన్ ఈ వడ్డీ భారాన్ని గుర్తించి సహకార పరపతి సంఘాలను సిఫారసు చేసింది. భారతదేశంలో 1904 చట్టంతో వచ్చిన సంఘాల నమూనానే మారిషస్‌కు తీసుకుపోయారు. ఇండియన్ సివిల్ సర్వీసుకు చెందిన విల్బర్‌ఫోర్స్ అనే అధికారి 1913లో వచ్చి ఆ పనిని ఆరంభించాడు. ఈ సంఘాలు రైతుకు విత్తన చెరకుకూ ఎరువుకూ అప్పు ఇచ్చాయి. తరువాతి కాలంలో సభ్యుల చెరకును ఒక్కటిగా చేర్చి మిల్లుకు అమ్మే పని కూడా చేపట్టాయి. అయితే ఊరంతా ఒకే రోజు నష్టపోతే సహకార సంఘం ఏమీ చేయలేదు. తుఫాను దెబ్బ అటువంటిదే. అప్పు ఇచ్చినవాడూ తీసుకున్నవాడూ ఒకే గాలికి గురవుతారు.

4. ఊబా చెరకు

ఈ చరిత్రలో అన్నిటికన్నా జాగ్రత్తగా చదవవలసిన ఘట్టం 1937 ఆగస్టు నాటిది. సాధారణంగా దీనిని కార్మికోద్యమ చరిత్రలో భాగంగా చెబుతారు. 1936లో డాక్టర్ మోరిస్ క్యూరే లేబర్ పార్టీని స్థాపించడం, 1937లో అల్లర్లు, 1938లో కార్మిక చట్టాలు అన్న వరుసలో ఇది ఒక మెట్టు. కాని అల్లర్లకు నిప్పు అంటుకున్నది కూలి దగ్గర కాదు, చెరకు రకం దగ్గర.

ఊబా సన్న గడ చెరకు. పీచు ఎక్కువ, రసంలో చక్కెర తక్కువ. మిల్లు యజమానికి అది తలనొప్పి: గానుగకు శ్రమ ఎక్కువ, ఫలితం తక్కువ. రైతు వైపు నుంచి చూస్తే దాని గుణాలు వేరు. రాతి నేలలో పెరుగుతుంది, వాన ఆలస్యమైనా నిలుస్తుంది, తెగుళ్లను తట్టుకుంటుంది, ఎరువు అంతగా కోరదు, బరువుగా దిగుబడి ఇస్తుంది. ఎస్టేటు అమ్మేసిన అంచు భూమిలో, నీటి వసతి లేకుండా, అప్పు తెచ్చిన కొద్దిపాటి పెట్టుబడితో సేద్యం చేసే మనిషి ఈ రకాన్ని ఎంచుకోవడంలో ఆశ్చర్యం లేదు. నేటి పరిభాషలో వాతావరణాన్ని తట్టుకునే రకం అని దేనిని అంటారో, దానినే ఆ రైతులు ఏ నిపుణుని సలహా లేకుండా తమ పొలాలలో నిలుపుకొన్నారు. చెరకుకు చెల్లింపు ప్రధానంగా బరువు మీద జరిగినంత కాలం వారి లెక్క సరిపోయింది.

1937 కోతకాలంలో మిల్లులు ఊబా చెరకు ధరను 15 శాతం తగ్గించాయి. మిల్లుల వాదనలో న్యాయం లేకపోలేదు: అదే బరువు గల మేలు రకం చెరకులో ఎక్కువ చక్కెర వస్తుంది కదా. కాని చెరకు నాటిన తరువాత, కోతకు వచ్చిన దశలో, మరొక రకానికి మారే వీలు రైతుకు లేనప్పుడు ఈ కోత వచ్చింది. కార్శితో కలిపి ఒక తోట ఆయుష్షు ఆరేడేళ్లు. దానిని తీసివేసి కొత్త రకం నాటడమంటే ఏడాదికి పైగా ఆదాయం లేకపోవడం. తూకంలో అన్యాయం జరుగుతున్నదన్న ఫిర్యాదులు అంతకు ముందు నుంచే ఉన్నాయి. ఇవన్నీ కలిసి నిరసనలయ్యాయి, రైతులకు కూలీలు తోడయ్యారు, చెరకు తోటలు తగలబడ్డాయి. ఆగస్టు 13న యూనియన్ ఫ్లాక్ ఎస్టేటు వద్దకు వచ్చిన గుంపుపై తుపాకులు పేలాయి, నలుగురు మరణించారు. ఆ ఎస్టేటు భారతీయ సంతతి కుటుంబానిదే కావడం గమనార్హం. ఈ వివాదాన్ని తెల్ల యజమాని, భారతీయ రైతు అన్న చట్రంలో మాత్రమే చూస్తే అసలు విషయం జారిపోతుంది. తగవు మిల్లుకూ పొలానికీ మధ్య.

హూపర్ నాయకత్వంలోని విచారణ సంఘం 1938లో నివేదిక ఇచ్చింది. కార్మిక శాఖ, పారిశ్రామిక సంఘాల చట్టం దాని ఫలితాలుగా ప్రసిద్ధం. రైతుకు సంబంధించి వచ్చిన మార్పు అంత ప్రసిద్ధం కాదు: మిల్లుకూ రైతుకూ మధ్య తగవులను పరిష్కరించి, చెరకు చెల్లింపులను పర్యవేక్షించడానికి ఒక కేంద్ర మండలి ఏర్పడింది. ధర ఇక మిల్లు యజమాని ఇష్టానికి వదిలిన విషయం కాదు. ఇది నిజమైన విజయం. అయితే కొత్త పద్ధతిలో రైతు వాటా లెక్క చెరకు బరువు నుంచి దానిలో దొరికే చక్కెరకు మారే దారి పట్టింది. ఊబా క్రమంగా కనుమరుగైంది. పరిశోధనా కేంద్రంలో 1932లో రూపొందిన ఎం 134/32 అనే సంకర రకం తరువాతి రెండు దశాబ్దాలలో ద్వీపమంతా వ్యాపించింది. అది అద్భుతమైన రకమే, దిగుబడి గణనీయంగా పెరిగింది. కాని రకాన్ని ఎంచుకునే నిర్ణయం పొలం నుంచి పరిశోధనశాలకు, అక్కడి నుంచి మిల్లు లెక్కల పుస్తకానికి తరలిపోయింది. కరవు ఏడాది పొలాన్ని ఏ రకం కాపాడుతుందన్న ప్రశ్న వెనక్కి పోయి, మంచి ఏడాది ఏ రకం ఎక్కువ చక్కెర ఇస్తుందన్నది ముందుకు వచ్చింది.

5. బీమా నిధి

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బియ్యం దిగుమతులు నిలిచిపోవడంతో ప్రభుత్వం చెరకు భూమిలో కొంత భాగాన్ని మొక్కజొన్న, కర్రపెండలం వంటి ఆహార పంటలకు కేటాయించాలని ఎస్టేటులను నిర్బంధించింది. యుద్ధం ముగిసే ఏడాది, 1945లో, వరుస తుఫానులు వచ్చాయి. ఆ వెంటనే పోలియో మహమ్మారి. చక్కెర ఉత్పత్తి దారుణంగా పడిపోయింది. ఈ అనుభవం నుంచే 1946లో తుఫాను-కరవు బీమా చట్టం వచ్చింది. చెరకు పండించే ప్రతివారూ, కౌలుకు చేసేవారూ, మిల్లు యజమానులూ తప్పనిసరిగా సభ్యులు. అందరి నుంచీ ప్రీమియం వసూలు చేసి ఒక నిధిగా కూర్చడం, నష్టం వచ్చిన ఏడాది దాని నుంచి పరిహారం చెల్లించడం దాని సారాంశం. 1974 చట్టంతో ఇది చక్కెర బీమా నిధిగా మారి, అతివృష్టి నష్టాన్ని కూడా చేర్చుకున్నది.

ఈ నిధిని తక్కువ చేసి చూడటానికి వీలులేదు. ప్రైవేటు కంపెనీలు తాకడానికి జంకే నష్టాన్ని అది స్వీకరించింది. అర ఎకరం రైతును, వేల ఎకరాల ఎస్టేటును ఒకే గొడుగు కిందికి తెచ్చింది. తప్పనిసరి కావడం వల్ల, మంచి భూమి ఉన్నవారు తప్పుకొని చెడ్డ భూమి వారు మాత్రమే మిగలడమనే బీమా రంగపు పాత వ్యాధి దీనికి సోకలేదు. పెద్ద తుఫాను తరువాత రైతు చేతికి అప్పు కాక పరిహారం అందే మార్గం అంతకు ముందు లేదు.

దాని లెక్క పనిచేసే తీరులో మాత్రం ఊబా నాటి ధోరణే కొనసాగింది. బీమా చేసేది పొలంలోని పంటను కాదు, ఆ పంట నుంచి రావలసిన చక్కెరను. రైతు గత దిగుబడుల ఆధారంగా అతనికి బీమా చేయదగిన చక్కెర ఇంత అని నిర్ణయిస్తారు. ఒక ప్రాంతంలో ఉత్పత్తి నిర్ణీత స్థాయికి దిగువకు పడినప్పుడు ఆ ఏడాదిని విపత్తు సంవత్సరంగా ప్రకటిస్తారు. ఆ పైన ప్రతి సభ్యునికీ ఒకటి నుంచి పదిహేను వరకు ఒక అంతస్తు ఉంటుంది. పరిహారం అందుకోని ఏళ్లలో అంతస్తు పెరుగుతుంది, అందుకున్నప్పుడు తగ్గుతుంది. పై అంతస్తులో ఉన్నవారికి పరిహారం రేటు ఎక్కువ, ప్రీమియం భారం తక్కువ.

వాహన బీమాలో ఇటువంటి పద్ధతి సమంజసం. జాగ్రత్తగా నడిపేవానికి బహుమానం. కాని వాన పడకపోవడానికి రైతు అజాగ్రత్త కారణం కాదు. నీటి వసతి ఉన్న ఎస్టేటు భూమికి నష్టపోయే ఏళ్లు తక్కువ. పొడి నేలలో, రాళ్ల మధ్య, వాన మీదే ఆధారపడిన ముక్కకు నష్టం తరచు. అంతస్తుల లెక్కలో నష్టం తరచుగా వచ్చే మనిషి కిందికి జారుతాడు. ఎవరికి సాయం ఎక్కువ అవసరమో వారికి సాయం పలచబడుతుంది. నిధి దివాలా తీయకుండా ఉండటానికి ఈ పద్ధతి తోడ్పడిందన్నది కూడా అంతే నిజం. కాని ఆ స్థిరత్వానికి ఎవరు ఎక్కువ వెల చెల్లించారన్నది పద్దులలో కనిపించదు.

6. 1960: రెండు తుఫానులు, రెండు లెక్కలు

1960 జనవరిలో అలిక్స్, ఫిబ్రవరి 28న కెరోల్. ఆరు వారాల తేడాలో రెండు. కెరోల్ గాలి వేగం గంటకు 256 కిలోమీటర్లుగా నమోదైంది. 42 మంది మరణించారు. గడ్డి, రేకు కప్పుల ఇళ్లు వేల సంఖ్యలో ఎగిరిపోయాయి. ఎదిగే దశలో ఉన్న చెరకు నేలకు పరుచుకున్నది. 1959లో సుమారు 5.8 లక్షల టన్నులున్న చక్కెర ఉత్పత్తి 1960లో 2.36 లక్షల టన్నులకు పడిపోయింది.

1961లో అది మళ్లీ 5.5 లక్షల టన్నులకు చేరింది. పంటగా చెరకు తన పేరు నిలబెట్టుకున్నది. మొదలు బతికింది, కార్శి లేచింది. చక్కెర ఉత్పత్తి పట్టికలో కెరోల్ ఒక ఏడాది గుంట మాత్రమే. రైతు ఇంటి లెక్క అలా లేదు. ఇల్లు, ఆవు, పెరటిలోని కూర పాదులు, చెరకు సాళ్ల మధ్య వేసుకున్న బంగాళదుంప వంటివి బీమా నిధి పరిధిలోకి రావు. ఇళ్ల సమస్యను ప్రభుత్వం వేరే దారిలో ఎదుర్కొన్నది: కాంక్రీటు గృహ సముదాయాలను పెద్ద ఎత్తున నిర్మించింది. నేడు మారిషస్ పల్లెలలో కనిపించే చదును కప్పు కాంక్రీటు ఇల్లు ఆ 1960 వారసత్వం. తరువాతి తుఫానులలో ప్రాణనష్టం తక్కువగా ఉండటానికి హెచ్చరికల వ్యవస్థతో పాటు ఈ ఇల్లే ముఖ్య కారణమని చెప్పవచ్చు. 1975లో వచ్చిన జర్వేజ్ గాలి కెరోల్ కన్నా తీవ్రమైనది. మృతులు పది మందికి మించలేదు. చిన్న రైతుకు దక్కిన రక్షణలలో నిజంగా అతని పేరున వచ్చినది బీమా కన్నా ఈ ఇల్లేనేమో.

అదే సమయంలో ఆర్థికవేత్త జేమ్స్ మీడ్ నాయకత్వంలోని బృందం ద్వీప ఆర్థిక వ్యవస్థను అధ్యయనం చేసి 1961లో నివేదిక ప్రచురించింది. పెరుగుతున్న జనాభాకు ఒక్క చెరకు పని చూపలేదన్నది దాని నిరాశాపూరితమైన అంచనా. తరువాతి చరిత్ర ఆ నిరాశను అబద్ధం చేసింది గాని, అందుకు కారణం చెరకు కాదు. 1970ల నుంచి పెరిగిన జౌళి పరిశ్రమ, పర్యాటకం.

7. వాన లెక్క, ధర లెక్క

తుఫాను కళ్లకు కనిపించే శత్రువు. కరవు అలా కాదు. 1998లో సుమారు 6.3 లక్షల టన్నులున్న చక్కెర 1999లో 3.7 లక్షల టన్నులకు పడింది. ఆ ఏడాది ఏ తుఫానూ ద్వీపాన్ని ధ్వంసం చేయలేదు. వాన పడలేదు, అంతే. మారిషస్ వాతావరణ శాఖ శతాబ్దపు రికార్డులు వార్షిక వర్షపాతం దీర్ఘకాలంలో తగ్గుముఖం పట్టిందని చూపుతున్నాయి. వాన తగ్గడమే కాదు, కొద్ది గంటలలో కుండపోతగా కురవడం కూడా పెరిగింది. 2013 మార్చి 30న పోర్ట్ లూయీ ఆకస్మిక వరదలో 11 మంది మరణించారు. ఉత్తర మైదానాలకు సాగునీరు ఇవ్వడానికి మిడ్‌లాండ్స్ జలాశయం 2000ల తొలి ఏళ్లలో సిద్ధమైంది. అయితే నీరు పారించాలంటే పొలం చదునుగా, కలసి ఉండాలి. చిన్న రైతు పొలం ఆ రెండూ కాదు. తరతరాల కూలీలు ఏరి పోగుచేసిన నల్ల రాళ్ల గుట్టలు నేటికీ తోటల మధ్య నిలిచి ఉన్నాయి. రాళ్లు తీయించి, పక్క పక్క కమతాలను కలిపి, నీటి వసతి కల్పించే ప్రభుత్వ పథకం 2000ల మధ్యలో మొదలైంది. ఈ చరిత్రలో పొలం స్వభావాన్ని మార్చడానికి చిన్న రైతు కోసం జరిగిన పెద్ద ప్రయత్నం అదే. అది రావడానికి మోర్సెల్‌మాఁ తరువాత శతాబ్దానికి పైగా పట్టింది.

అది వచ్చిన సమయం అనుకూలం కాదు. 1975 నుంచి ఐరోపా దేశాలు చక్కెర ఒడంబడిక కింద ఏటా సుమారు అయిదు లక్షల టన్నులను హామీ ధరకు కొనేవి. 2006 నుంచి ఐరోపా ఆ ధరను దశలవారీగా 36 శాతం తగ్గించింది. 2009లో ఒడంబడికే ముగిసింది. శతాబ్దం ఆరంభంలో పదకొండు మిల్లులు ఉండేవి, నేడు మూడు. మిల్లు మూతపడితే చెరకును మోసే దూరం పెరుగుతుంది. రెండెకరాల పంటకు లారీ బాడుగే లాభాన్ని తినేస్తుంది. 1990లలో ముప్పై వేలకు పైగా ఉన్న చిన్న చెరకు రైతులలో నేడు సగం మంది కూడా మిగలలేదు. వారసులు పంచుకున్న ముక్కలలో చెరకు మొదళ్లు వదిలేసినట్లే ఉన్నాయి, పొదలు పెరుగుతున్నాయి.

ఇక్కడ రోడ్రిగ్స్ ద్వీపాన్ని ప్రస్తావించక తప్పదు. మారిషస్ దేశంలోనే భాగమైన ఈ చిన్న ద్వీపం ప్రధాన ద్వీపానికి తూర్పున దాదాపు 600 కిలోమీటర్ల దూరంలో ఉంది. 2002 నుంచి దానికి సొంత ప్రాంతీయ శాసనసభ ఉన్నది. అక్కడ చెరకు పరిశ్రమ లేదు. కొండ మెట్ల మీద మొక్కజొన్న, చిక్కుడు, ఉల్లి. మేకలు, గొర్రెలు, పశువులు. వాన మరీ అనిశ్చితం, తుఫాను తాకిడి మారిషస్‌కు తీసిపోదు. తుఫాను-కరవు బీమా 1946 నుంచి ఉన్న దేశంలో, కరవుకు అన్నిటికన్నా ఎక్కువగా గురయ్యే రైతు ఆ బీమాకు వెలుపలే ఉండిపోయాడు. కారణం ఒక్కటే: అతని పంట మిల్లు తూకం మీదికి రాదు. ప్రధాన ద్వీపంలో చెరకు వదిలి కూరగాయలకు మారిన రైతు స్థితి కూడా ఇదే. కూరగాయల రైతుకు తరువాత ప్రత్యేక సంక్షేమ నిధులు ఏర్పడ్డాయి గాని, చెరకు నిధికి ఉన్న వయస్సూ ఆర్థిక బలమూ వాటికి లేవు.

2022లో మారిషస్ చక్కెర ఉత్పత్తి సుమారు 2.3 లక్షల టన్నులు. అది కెరోల్ విరుచుకుపడిన 1960 నాటి ఉత్పత్తికి ఇంచుమించు సమానం. 2022లో కెరోల్ వంటి తుఫాను రాలేదు. చెరకు సాగు విస్తీర్ణం నాలుగు దశాబ్దాల కిందటి దానిలో సగానికి కుదించుకుపోయింది. బీమా నిధి లెక్కలో మాత్రం ఈ తగ్గుదల విపత్తు కాదు. నాటిన చెరకు నుంచి రావలసిన చక్కెర రాకపోతేనే అక్కడ నష్టం. చెరకు నాటకుండా వదిలేసిన పొలానికి ఆ పట్టికలో గడి లేదు.